బస్సు కింద కుదిరిన సగం కమీషన్

మొదటి బేరంలోనే నా కొంప నేనే కూల్చుకున్న వైనం చెబుతాను, నవ్వుకోండి. అప్పట్లో కడప జిల్లా అంతా నవ్వింది, మీరొక్కరే మిగలడం న్యాయం కాదు.

తెల్లదొరలు ఇంకా ఏలుతున్న రోజులు. మద్రాసులోని ఒక మోటారు సామాన్ల కంపెనీ నన్ను మా జిల్లాకు ఏజెంటుగా పెట్టుకుంది. జీతం లేదు, అమ్మినదాని మీద కమీషనే. మొదటి నెల ఆర్డరు తేకపోతే ఇంకొకరిని చూసుకుంటామన్నారు. నేను కొత్త కోటు తొడుక్కుని పెళ్లికొడుకులా కమలాపురంలో దిగాను.

అక్కడ ఓబుళరెడ్డి అనే రైతు చేను అమ్మి బస్సు కొన్నాడని విన్నాను. షెడ్డుకు వెళితే బస్సు కింద నుంచి నూనె మరకల కాళ్లు రెండు బయటికి కనిపించాయి. డ్రైవరే అనుకున్నాను. యజమానికంటే ముందు డ్రైవరును పట్టాలన్నది మద్రాసులో నేర్చిన విద్య. ఆ కాళ్ల పక్కన చతికిలబడి గొంతు తగ్గించాను.

"అన్నా, కమాను కట్ట ఇరిగిపోతాదని మీ రెడ్డికి ఒక మాట చెప్పు. కొత్తది నాతాన కొనిపిచ్చు. నా కమీషన్లో సగం నీకు."

పానా చప్పుడు ఆగింది. రెడ్డికి అనుమానమొస్తే ఎట్లా అని కాళ్లు అడిగాయి. నాగలి తప్ప ఇంకేమీ ఎరగని మనిషికి బస్సు కుదుపులు మోసే కమాను గొడవ ఏం తెలుస్తుందని ధైర్యం చెప్పాను. ప్రతి ఆర్డరుకూ సగమిస్తావా అని మళ్లీ అడిగాయి. ఇస్తానని వెంకన్న మీద ఒట్టు కూడా వేశాను.

అప్పుడు కాళ్ల వెనక మిగతా మనిషి నెమ్మదిగా బయటికొచ్చాడు. బుర్రమీసాలు, వేలికి బంగారు ఉంగరం.

"నేనే ఓబుళరెడ్డిని. డ్రైవరును పెట్టుకునే తాహతు ల్యాక బండి నేనే తోల్తాండా."

గోడకు చెవులుంటాయని విన్నాను గానీ, బస్సు కింద యజమానులుంటారని నాకెవరూ చెప్పలేదు. ఎండిన పెన్నకైనా వరదొచ్చేంత చెమట పట్టింది.

ఆయన తిట్టలేదు. మజ్జిగ తెప్పించి, నేను తాగేదాకా ఆగాడు.

"కమాను బాగానే ఉండాదప్పా. బ్రేకులు అరిగినాయి, అవి పంపు. డ్రైవరు సగం మాత్రం నాకే రావల్ల. ఒట్టేసినావు గదా."

నా కమీషన్లో ఆ సగం ధరలో తగ్గించి ఆర్డరు రాసుకున్నాను. నౌకరీ నిలిచింది. ఆయన అంతటితో ఊరుకున్నాడా? కడప అడ్డాలో బస్సుల వాళ్లందరి దగ్గరా నన్ను తెగ మెచ్చుకున్నాడు. ఈ పిల్లోడు డ్రైవర్లకు చాటుగా ఇచ్చేది మనకే ఎదురుగా తగ్గిస్తాడు, శానా మంచోడు అని. ఇక నన్ను పిలవని షెడ్డు లేదు, 'రెడ్డి సగం' అడగని యజమాని లేడు. నా తప్పుడు బుద్ధిని నాకు మంచిపేరుగా మార్చి, అందరికీ చౌకగా పంచిపెట్టాడు మహానుభావుడు. అంత పెద్ద మనసూ అంత గట్టి బేరమూ ఒకే మనిషిలో నేను మళ్లీ చూడలేదు.

అందరికంటే ఎక్కువ సరుకు అమ్మానని కంపెనీ నాకు శాలువా కప్పింది. అందరికంటే తక్కువ మిగిలించుకున్నవాడినీ నేనే కాబట్టి, మద్రాసు ఉక్కలో కూడా దాన్ని వదలకుండా కప్పుకుని తిరిగాను.

కాబట్టి సకల దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ముఖం కనబడని కాళ్లతో ఇక కమీషన్ మాట ఎత్తను. మొక్కి పక్కకు తప్పుకుంటాను.