నీదే అన్న ఇల్లు

ఫిలింనగర్ సిగ్నల్ దగ్గర బుట్టల్లో అమ్ముతున్న సీతాఫలాల వాసన కారులోకి వచ్చిందంటే చాలు, జూబ్లీహిల్స్ ఇంకా బండలూ తుప్పలుగా ఉన్న రోజుల్లోని మా రాతి ఇల్లు గుర్తొస్తుంది.

తాత తానే కొట్టిన రాళ్లతో కట్టుకున్న ఇల్లది. వానలు తగ్గగానే బండల సందుల్లో సీతాఫలాలు కోసుకొచ్చి బియ్యంలో మగ్గబెట్టేవాళ్లం. బతుకమ్మకు, మొగుడు పోయి పుట్టింట్లోనే ఉండిపోయిన మా మేనత్త నువ్వులూ పల్లీలూ దంచి సద్దులు చేసేది. షూటింగువాళ్లు వాకిలి కిరాయికి తీసుకున్న రోజున మేం గోడెక్కి కూర్చునేవాళ్లం. తాత మాత్రం అరుగు దిగేవాడు కాదు. చుట్ట కాలుస్తూ, ఎవరు మంచినీళ్లిచ్చినా, కాళ్లు పట్టినా, "గీ ఇల్లు నీదే" అనేవాడు. మేనత్తతో అనగా విన్నాను, బాపుతో, చిన్నాయనతో అనగా విన్నాను. నాతోనూ అన్నాడు.

వీలునామా రాయకుండానే పోయాడు. దినాలు కాగానే ఇంట్లో ఒక పొయ్యి రెండయింది. నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్న చిన్నాయన పిల్లలతో ఇవాళ ఎందుకు ఆడకూడదో అమ్మ చెప్పేది కాదు. ఏ పొయ్యి దగ్గర కూర్చోవాలో తెలియక మేనత్త బావి దగ్గరే పొద్దు పుచ్చేది.

ఒకనాడు పెద్దమనుషులు వచ్చారు. ఎప్పుడూ తాత పక్కనే తిరిగేదాన్నని నన్ను పిలిచి, "తాత ఇల్లు ఎవరికన్నడు బిడ్డా?" అని అడిగారు.

"అందరికీ నీదే అన్నడు. నాకు గూడ."

వాళ్లు నవ్వారు. బాపు నవ్వలేదు. "పిల్లకు మంచిగనే నేర్పిండ్రు!" అంటూ చిన్నాయన లేచిపోయాడు. నిజమే కదా చెప్పాను, మరి ఇద్దరికీ నా మీద కోపమెందుకో అర్థం కాలేదు.

చివరికి ఇల్లమ్మి అన్నదమ్ములు పంచుకున్నారు. తనకు వాటా వద్దని మేనత్తతో సంతకం పెట్టించి, ఆడబిడ్డ లాంఛనమని చీర పెట్టారు. అందరూ మిఠాయి తింటుంటే ఆమె ఏడుస్తూ కూర్చుంది.

"నీకిచ్చిండు గద అత్తమ్మా, సంతకమెందుకు పెట్టినవ్?" అన్నాను.

"రేపు తమ్ముండ్లు ఎదురొస్తే మాట్లాడాలె గద బిడ్డా!"

బోరబండలో ఒక గది కిరాయికి తీసుకుని వెళ్లిపోయింది. తమ్ముళ్లు ఆ గడప తొక్కింది తక్కువే.

ఇప్పుడు బాపూ లేడు, చిన్నాయనా లేడు. మొన్న మేనత్తను బంజారాహిల్స్ ఆసుపత్రిలో చూపించి తీసుకొస్తుంటే, ఫిలింనగర్ సిగ్నల్ దగ్గర ఆమె ఎడమవైపు అద్దాల భవనాన్ని చూపించింది.

"గాడ్నే, మన ఇల్లు."

"కాదత్తమ్మా, కుడి దిక్కు."

"నాకు తెల్వదా? ఎడమ దిక్కే!"

ఆనవాలుకు ఒక్క బండా మిగల్లేదు. ఎవరిది నిజమో అడుగుదామంటే, ఆ ఇంట్లో పెరిగినవాళ్లలో ఆ దారిన మేమిద్దరమే ఉన్నాం. వెనక హారన్లు మోగుతుంటే బండి ముందుకు పోనిచ్చాను. మేనత్త మెడ తిప్పి ఎడమవైపే చూస్తోంది. నేను కుడివైపు చూస్తున్నాను.