సాలమ్మ విమానం కొసరు

ముందు కడియం చప్పుడు వినిపించేది. మానుకోట బజారులో జగపతి కిరాణా దుకాణం ముందున్న నూనె డబ్బా మీద వెండి కడియం టంగుమనేది. తలెత్తకుండానే అతడు బెల్లం ముక్క విరిచేవాడు. కొన్నదాని మీద కొసరు చేతిలో పడందే సాలమ్మ అరుగు దిగదని అతనికి తెలుసు.

సాలమ్మకు ఊరి చివర ఒక చెక్క మిరపచేను. జగపతి తండ్రి కాలం నుంచీ ఆమె మరో దుకాణం మెట్లెక్కలేదు. పప్పు కొంటే గుప్పెడు పల్లీలు, ఉప్పు కొంటే చింతపండు రెబ్బ. ఆమెకు కొసరంటే తినే వస్తువు కాదు. మళ్లీ రమ్మని దుకాణం పిలిచే పిలుపు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం చల్లబడిన కొన్నేళ్లకు, ఒక ఎండాకాలం, ఓ సబ్బుల కంపెనీ పోటీ పెట్టింది. ఎక్కువ సబ్బులు అమ్మిన దుకాణానికి బెజవాడ నుంచి హైదరాబాదుకు రెండు విమానం టికెట్లు. జగపతికి ఆకాశం పిచ్చి పట్టింది.

"సబ్బులు కొనుండ్రి. కంపెనోడు నాకిచ్చే కొసరుల మీకు గుడ వాటా ఉంటది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు.

సాలమ్మ వాడనంతా వెంటేసుకొచ్చింది. ఆ ఎండాకాలం మానుకోటలో మనుషులే కాదు, ఎడ్లు కూడా నురగల్లో తేలాయి. గాలి వీస్తే సందుల్లోంచి బుడగలు లేచి రైలు పట్టాల దాకా పోయేవి.

వానలు మొదలయ్యే వేళకు టికెట్లు వచ్చాయి. కడియం మోగింది.

"నా వాటా ఏది సేటు?"

జగపతి ఒక సబ్బుబిళ్ల ఆమె చేతిలో పెట్టాడు. సాలమ్మ దాన్ని వాసన చూసింది.

"ఇది సబ్బు కొసరు. నేనడిగేది ఇమానం కొసరు."

"ఉన్నయే రెండు సీట్లు అవ్వా. నాకొకటి, అహల్యకొకటి."

"మరి వాటా అన్న నోరెవ్వలది? పక్కింటోళ్ల కాడ బదులు తెచ్చినవా?"

సబ్బును తక్కెడలో పెట్టి ఆమె రోడ్డు దాటింది. ఎదుటి మోతీలాల్ దుకాణం మెట్లెక్కింది. మర్నాటికి వాడంతా ఆమె వెనకే దాటింది. నూనె డబ్బా మూగబోయింది. అలవాటు తప్పక జగపతి బెల్లం విరిచి చేతిలో పట్టుకుని కూచునేవాడు. చీమలు వచ్చి మర్యాదగా పట్టుకెళ్లేవి.

"పల్లీలైతే గుప్పెడేస్తవు, మబ్బుల కాడికి వచ్చేసరికి చెయ్యి ముడుస్తవు" అంది భార్య అహల్య.

"అయితే నీ సీటు ఇయ్యి."

"మాటిచ్చింది నేనా? నేను, అవ్వ పోతం. నువ్వు రైలుకొచ్చి హైద్రాబాదుల నిలబడు."

ఆ సాయంత్రం జగపతి రోడ్డు దాటాడు. నలుగురూ చూస్తుండగా మోతీలాల్ అరుగు మీదే సాలమ్మ చేతిలో టికెట్ పెట్టాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొంగున ముడేసుకుంది.

"పొద్దుగాల వస్త. బెల్లం ఇరిచి పెట్టు" అంది.

ఆడవాళ్లిద్దరూ డోర్నకల్ మీదుగా బెజవాడ రైలెక్కారు. జగపతి జనగామ మీదుగా హైదరాబాదు రైలెక్కి బేగంపేట విమానాశ్రయంలో నిలబడ్డాడు. సన్నటి వాన. విమానం మబ్బులోంచి వచ్చింది, కానీ దిగలేదు. ఊరి మీద గుండ్రంగా తిరిగింది. మళ్లీ తిరిగింది.

"వాన జర తగ్గాలె, అప్పటిదాకా దిగనియ్యరు" అన్నాడు అక్కడి ఉద్యోగి.

భార్య, తను మాటిచ్చిన గిరాకీ, ఇద్దరూ ఆ తిరిగే విమానంలోనే ఉన్నారు. క్షేమంగా దించితే కొట్లోని బెల్లమంతా పంచుతానని జగపతి మబ్బులతో బేరమాడాడు.

చివరకు విమానం నేలను ముద్దాడింది. దిగినవాళ్లు మండిపడుతున్నారు. టై కట్టుకున్న ఒకాయన ఉద్యోగిని నిలదీశాడు.

"ఇంతసేపు గాల్లో తిప్పారు. మా టైముకు ఎవరయ్యా జవాబుదారి?"

వెనక నుంచి కడియం రెయిలింగు మీద టంగుమంది.

"ఎందుకు బిడ్డా లొల్లి? టికెట్ ఈడిదాకనే గద. ఊరంత సుట్టూ తిప్పి సూపెట్టిండు. దానికి పైస అడిగిండా?" అంది సాలమ్మ.

టై ఆయన నవ్వేశాడు. ఉద్యోగి ఆమె చేతిలో చాక్లెట్లు పోశాడు. ఆమె చెయ్యి వెనక్కి తియ్యలేదు. అతడు ఇంకొకటి వేశాడు.

"దిగుతుంటే అవ్వ నా చెయ్యి గుంజింది, ఇంకో సుట్టు అడుగు బిడ్డా అని" అంది అహల్య, నవ్వుకు ఊపిరాడక.

సాలమ్మ జగపతిని చూసింది. ఆమె కళ్లలో ఇంకా ఊరు గుండ్రంగా తిరుగుతోంది.

"మీ బాపు గుడ గింత కొసరు ఎయ్యలే కొడుకా."

ఏళ్లు గడిచాక, తన బతుకు రాసుకోవడానికి వచ్చిన మనిషికి సాలమ్మ ఇదంతా జగపతి దుకాణం అరుగు మీదే కూచుని చెప్పింది. అతడు కలం మూసి లేవబోయాడు. నూనె డబ్బా మీద కడియం టంగుమంది.

"కూసో బిడ్డా. నువ్వు అడిగింది చెప్పిన. కొసరు ఇనకుంటనే పోతవా?"