నీళ్లు తాగని పలకలు

మొన్న ఆదివారం పొద్దున మేడిపల్లి నుంచి ఫోన్ వచ్చింది. "టీచరమ్మా, మా మామ పోయిండు. రాత్రి అన్నం తిని పన్నడు, పొద్దుగాల లేవలే" అన్నాడు అవతలి నుంచి ఆయన అల్లుడు. ఆ మామ, కోరుట్ల, జగిత్యాల చుట్టుపక్కల ఎన్నో ఇళ్ల తలుపులకు, మంచాలకు పాలిష్ పెట్టిన మనిషి. మేమంతా కాక అనేవాళ్లం. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఆ ఏడుపులో సగం దుఃఖం, సగం సిగ్గు. ఆ సిగ్గు సంగతే మీకు చెప్పాలి.

కాక పనికి దిగే ముందు చెక్కను అరచేత్తో నిమిరి చూసేవాడు, సంతలో ఎద్దును నిమిరినట్టు. చాయ్ ఇస్తే నిలబడే తాగేవాడు. "కూసో కాకా" అంటే, "బట్టలకు రంగున్నది బిడ్డా" అనేవాడు. రంగు లేని రోజు కూడా అదే మాట. మా తాతలు ఊరి దొరలు. కాక తాతలు మా వాకిట్లో వెట్టి చేసినవాళ్లు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు.

మా ఆయన ఏదో హోటల్లో చూసి ముచ్చటపడి, మేడ మీద ఆరుబయట పలకలు పరిపించాడు. చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపి చేసినవి. కాంపోజిట్ డెక్కింగ్ అంటారట. రెండు ఎండాకాలాలకే బూడిద రంగుకు తిరిగాయి. అప్పుడు సకల జనుల సమ్మె నడుస్తోంది. బడులు బంద్, బస్సులు బంద్. టీచర్ల మీటింగు మా మేడ మీద పెడదామన్నారు, కరీంనగర్ నుంచి పెద్దవాళ్లు వస్తారన్నారు. ఇక నాకు ఒకటే రంది, ఆ వెలిసిన పలకలు వాళ్ల కంట్లో పడతాయని. కాకకు కబురు పెట్టాను.

సైకిల్ మీద వచ్చాడు. గ్లాసుతో నీళ్లు అడిగి, పలక మీద నాలుగు చుక్కలు వేసి, ఒక బీడీ కాలేంతసేపు చూశాడు. చుక్కలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

"ఇది చెక్క గాదు టీచరమ్మా. నీళ్లే తాగుతలేదు, వార్నిష్ ఏం తాగుతది? సబ్బునీళ్లతోని కడిగి ఇడిసిపెట్టు."

"కడిగితే రంగు అస్తదా? టేకు తలుపుకు ఏసినట్టు ఏయ్ కాకా. ఎల్లుండే మీటింగు."

"మీద మీదనే ఉంటది. బట్టలకు అంటుకుంటది."

"ఏయ్ అంటున్న గదా!"

నా గొంతులో మా తాతే పలికాడు. కాక రెండు పూతలు వేసి వెళ్లాడు.

మీటింగు రోజు మబ్బు పట్టి ఒకటే ఉక్కపోత. పలకల తళతళ అందరికీ కనబడాలని జంపఖానా కూడా పరవనివ్వలేదు, చూడండి నా తెలివి! అందరూ పలకల మీదే కూర్చున్నారు. గంటసేపు ఆత్మగౌరవం గురించి మాట్లాడారు. నేనూ మాట్లాడాను, చప్పట్లు కూడా పడ్డాయి. చివరికి జై తెలంగాణ అని లేవబోతే ఒక్కరూ లేవలేకపోయారు. తెల్ల ప్యాంట్లు, గంజిపెట్టిన చీరలు పలకలకు అతుక్కుపోయాయి. పీక్కుని లేస్తే అందరి వెనుకా ఎర్రటి చారలు.

"ఎవడేసిండు గీ రంగు?" అన్నాడు ఒక సారు.

జై తెలంగాణ అనడానికి ఉతికిన అంగీ వేసుకొని వచ్చిన కాక, మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. "గా కాకనే. ఏం గాదు, ఆరుతదన్నడు" అన్నాను నేను. అంత సులువుగా వచ్చింది నా నోట్లోంచి అబద్ధం. కాక నా వైపు ఒక్కసారి చూశాడు. "అవు సారూ, నాదే తప్పు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చి గీకడం మొదలుపెట్టాడు. వారం పట్టింది. ఇనుప బ్రష్ ముట్టనివ్వలేదు, గీత పడితే ఎన్నటికీ పోదన్నాడు. మెత్తటి బ్రష్‌తో పలక పొడవునా తోమాలి, అడ్డంగా కాదు. సందుల్లో మట్టిని చీపురుపుల్లతో తీయాలి, లేకపోతే నీళ్లు నిలిచి నాచు పడుతుంది. ఇవన్నీ నాకు ఓపిగ్గా చూపించాడు, ఏమీ జరగనట్టు. సమ్మె అయిపోయాక ఆ పలకలకే పనికొచ్చే రంగు తెప్పించి, ముందు ఒక మూలన వేసి రెండు రోజులు ఆగాడు. ఆ తర్వాతే గుడ్డతో పలుచగా అద్ది, వెంటనే తుడిచాడు. "తాగినంతనే దానిది బిడ్డా. మిగిలింది తుడిచెయ్యాలె" అన్నాడు.

ఆ రోజు మా మేడ ఎక్కిన టీచర్లెవరూ మళ్లీ కాకను పనికి పిలవలేదు. సిరిసిల్లలో కొత్తిల్లు కట్టుకుంటున్న ఒక సారు, తలుపులన్నీ నీకే అని మాట ఇచ్చినవాడు, వేరేవాళ్లను పెట్టుకున్నాడు. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అందామనుకుంటూనే ఉన్నాను. తెలంగాణ వచ్చింది, మిఠాయిలు పంచుకున్నాం, రిటైరయ్యాను. అనలేదు. కాక మాత్రం ప్రతి ఏడూ వానలకు ముందు వచ్చి, పలకలు చూసి, చాయ్ తాగి, కాసేపు నిలబడి వెళ్లేవాడు.

నిన్న మేడిపల్లి చర్చిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఆనాటి టీచర్లు ఇద్దరు వచ్చారు. నలుగురు మాట్లాడాక నేను లేచాను. "నా ఇంటి మీద ఆ రంగు నేనే పట్టుబట్టి ఏయించిన. కాక వద్దన్నడు. అందరి ముంగట నేను అబద్ధం చెప్పిన" అన్నాను.

ముందు వరుసలో చాప మీద కూర్చున్న కాక భార్య తలెత్తింది.

"మాకు ఎర్కే టీచరమ్మా. నాడే చెప్పిండు. 'టీచరమ్మ మంచిది, ఇయ్యాల గాకుంటె రేపు తనే చెప్తది' అన్నడు. ఏటా మీ ఇంటికి పోయి అచ్చినంక నేను అడిగేదాన్ని, చెప్పిందా అని."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత కొంచెం పక్కకు జరిగి, చాప మీద నాకు చోటిచ్చింది.