అంజనమ్మ తెచ్చిన చేపలు

మా వీధిలో వెంకటప్పను చూసి నవ్వనివాళ్లు లేరు, నాతో సహా. ఎమ్మిగనూరు ఎండలకు మనుషులే మాడిపోతుంటే, ఈ నేతగాడు కొండవాగు చేపలను అద్దాల తొట్టిలో సాకేవాడు.

తెచ్చింది ఆయన భార్య అంజనమ్మ. అహోబిలం పోయినప్పుడు, ఎండిపోతున్న మడుగులో కొట్టుకుంటున్న వేలెడేసి చేపలను చూసి మనసు ఆగక టిఫిన్ క్యారియర్‌లో వేసుకొచ్చింది. చల్లగా పారే నీళ్లకు అలవాటుపడ్డ ప్రాణాలవి. అందుకే ఇంట్లో అన్నిటికన్నా చల్లని చోట, నేసేటప్పుడు కాళ్లు దింపుకునే మగ్గం గుంత పక్కన తొట్టి పెట్టి, నీళ్లు కదిలేందుకు చిన్న మోటారు బిగించారు. ఆ ధారకు చేపలు ఎదురీదుతుంటే ఆమె నేస్తూ చూసుకునేది.

మొన్న మాఘంలో ఆమె గుండె ఆగిపోయింది. వెంకటప్ప ఏడవలేదు. ఆమె చీరలన్నీ ఆనవాయితీ ప్రకారం చాకలికి ఇచ్చేశారు. మగ్గం మీద సగం నేసిన తెల్ల పంచె మాత్రం మిగిలింది. జీవితమంతా ఊరివాళ్లకు నేసిన మనిషి, మొదటిసారి మొగుడి కోసం మొదలుపెట్టిన పంచె అది. పూర్తి చేద్దామని కూతురు పద్మశ్రీ అంటే ఒప్పుకోలేదు.

"మీయమ్మ చెయ్యి యాడ ఆగిందో, ఆడే ఉండనీ" అన్నాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మోటారు ఆగింది, నీళ్లు వేడెక్కాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే, వెంకటప్ప చెంబుతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి పోస్తూ కూర్చున్నాడు. చాలలేదు. పద్మశ్రీ కేకేస్తే నేనూ పరిగెత్తాను. కుండకు చుట్టినట్టు తొట్టికి తడిగుడ్డ చుట్టాలి. ఇల్లంతా వెతికాం. అన్నీ పాలిస్టర్ బట్టలే, నీళ్లు పట్టవు. మా ఇంట్లోనూ అంతే. నూలు నేసి అమ్ముతాం, చవగ్గా దొరికింది కడతాం. ఖర్మ!

పద్మశ్రీ మగ్గం వైపు చూసి తలదించుకుంది. ఆయన చాలాసేపు చెంబు ఆపలేదు. ఒక చేప వెల్లకిలా తేలాక లేచి కత్తెర తెచ్చాడు.

"నాకని నేసింది. ఈటికి కప్పితే ఏమనుకోదులే" అంటూ మగ్గానికి బిగిసిన పడుగు పోగులు కోసేశాడు.

తడి పంచె చుట్టి, వంతులవారీగా చెంబుతో నీళ్లు పోశాం. పొద్దు వాలేసరికి మిగతా చేపలు తేరుకున్నాయి. నేను సంతోషంగా వెనక్కి తిరిగాను. వెంకటప్ప ఖాళీ మగ్గం గుంతలో కూర్చుని, తెగిన పోగులు పిడికిట్లో పట్టుకుని ఏడుస్తున్నాడు.

"మీయమ్మ ఈపొద్దు పోయింది తల్లీ" అన్నాడు కూతురితో.