పల్లీలు పడని పిల్లతో చాక్లెట్ మ్యూజియానికి

నవంబరు రెండో శనివారం. పొద్దున ఏడులోపు అయిన పనులు: రెండు డ్రమ్ముల నీళ్లు పట్టాను, ఒక బకెట్ బట్టలు ఆరేశాను, మొదటి షిఫ్టుకు వెళ్లే మా ఆయనకు జొన్నరొట్టె, బెండకాయ కూర డబ్బా కట్టాను. బియ్యం ఏరడం, అల్లం వెల్లుల్లి నూరడం సాయంత్రానికి వాయిదా. వీటికి ముందు రోజు చేసిన పని ఇంకొకటి ఉంది. ఇంట్లో ఉన్న పల్లీల డబ్బా, పల్లీల పొడి సీసా, పల్లీనూనె క్యాను మూడూ పక్కింట్లో పెట్టి వచ్చాను. మిక్సీ జార్లు వేడినీళ్లతో రెండుసార్లు కడిగాను. మా చెల్లెలు లావణ్య కూతురు హర్షిత హైదరాబాదు నుంచి రెండు రోజుల సెలవుకు మా ఇంటికి వచ్చింది. ఆ పిల్లకు పల్లీలు పడవు.

పడవు అంటే కడుపునొప్పితో పోయేది కాదు. మూడేళ్ల కింద ఒక పెళ్లిలో చట్నీలో ముంచిన వేలు నాకినందుకు పెదవులు వాచి, ఊపిరి అందక ఆసుపత్రి పాలైంది. అప్పటి నుంచి లావణ్య ఆ పిల్లను తిండి ఉన్న చోటికి పంపదు. స్నేహితుల పుట్టినరోజులకు కూడా హర్షిత తన డబ్బా తను తీసుకెళ్లి ఓ మూల కూర్చుని తింటుంది. ఇప్పుడు తొమ్మిదేళ్లు. మా జహీరాబాద్ దగ్గర, చిరాగ్‌పల్లి వైపు హైవే పక్కన, చాక్లెట్ చరిత్ర చూపించే చిన్న మ్యూజియం ఒకటి ఉందని ఫోన్‌లో ఏదో వీడియో చూసింది. "పెద్దమ్మా, నేనేం తినను. అది ఎట్ల చేస్తరో చూస్తా, అంతే," అని శుక్రవారం సాయంత్రమంతా నా కొంగు వదల్లేదు.

లావణ్యకు ఫోన్ చేశాను. "వేరేటోళ్లయితే వద్దనేదాన్ని. నువ్వు కాబట్టి పంపుతున్నక్కా. నువ్వు ప్రతిదీ రెండుసార్లు చూసే మనిషివి," అంది. ఆ మాట విన్నాక నాకు ధైర్యం రావాల్సింది. వచ్చింది భయమే.

డాక్టరు చెప్పినవన్నీ లావణ్య చేత మళ్లీ చెప్పించుకున్నాను. దద్దుర్లు మాత్రమే అయితే అలర్జీ సిరప్ తాగించాలి. దగ్గు వచ్చినా, గొంతు పట్టినట్టు ఉన్నా సిరప్ పోసి ఎదురుచూస్తూ కూర్చోకూడదు, సూది మందు కోసం వెంటనే దవాఖానకు పరిగెత్తాలి. మా బస్టాండు వెనక ఉన్న దవాఖానకు ఫోన్ చేసి, శనివారం డాక్టరు ఉంటాడని, ఆ సూది మందు ఉందని అడిగి తెలుసుకున్నాను. సిరప్ సీసా పర్సులో పెట్టుకోకుండా రుమాలులో చుట్టి నడుముకు దోపుకున్నాను.

హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లకు జహీరాబాద్ బస్సులు చాలానే దొరుకుతాయి, రెండున్నర నుంచి మూడు గంటల ప్రయాణం. బస్టాండు నుంచి మ్యూజియానికి షేర్ ఆటోలో మనిషికి ముప్పై రూపాయలు. కానీ అవి మనుషులు నిండితే గానీ కదలవు, తిరిగి వచ్చేటప్పుడు దొరుకుతాయన్న నమ్మకమూ లేదు. అందుకే మా వీధిలో ఉండే ఖాజా భాయ్ ఆటోను, అక్కడ ఆగి ఉండేటట్టు, రానూపోనూ ఆరు వందలకు మాట్లాడి పొద్దున్నే ముందుగా ఇచ్చేశాను. తొమ్మిదిన్నరకు బయలుదేరాము. రోడ్డుకు అటూ ఇటూ చెరకు, నడుమ నడుమ అల్లం మడులు. చెరకు కోతలు మొదలైనందువల్ల లోడు లారీలు వరస కట్టి నడుస్తున్నాయి.

"చాక్లెట్ జూసేందుకు పైసలు పెట్టి పోతున్నరా అక్కా? కిరాణం కొట్ల ఊకెనే కనవడ్తయి గద!" అన్నాడు ఖాజా భాయ్.

"గింజ నుంచి ఎట్ల అయితదో చూస్తం అంకుల్," అంది హర్షిత.

"నేనైతే గింజ మొఖం జూడకుంటనే తింట బిడ్డా."

హర్షిత నవ్వింది. నేను లారీలనే చూస్తున్నాను. "హైవే జామైతే ఊళ్లెకు పోనీకి వేరే తొవ్వ ఉన్నదా ఖాజా భాయ్?" అని అడిగాను. అద్దంలోంచి నన్ను చూసి, "చెరుకు తోటల నడుమ మట్టి తొవ్వ ఒకటుంది. ఎందుకక్కా? జర ఫికర్ బంద్ చేసి కూసోన్రి, ఇప్పుడైతే చాక్లెట్ కాడికే పోతున్నం," అన్నాడు.

మ్యూజియం పాత బెల్లం బట్టీ షెడ్డులో ఉంది. టికెట్టు పెద్దలకు నూట ఇరవై, పిల్లలకు అరవై. పదింటికి తెరుస్తారు. మేము వెళ్లేసరికి మేము తప్ప ఎవరూ లేరు. చూపించడానికి పద్మ అనే ఆమె వచ్చింది. నా కన్నా పదేళ్లు చిన్నది కావచ్చు. న్యాల్‌కల్ దగ్గరి ఊరు. ఇక్కడ చేరక ముందు పెళ్లిళ్లకు లడ్డూలు, పట్టీలు ఆర్డరు మీద చేసేదట. చెప్పులు విప్పకముందే విషయం చెప్పి అడిగాను.

"పల్లీలు లోపలికే రానియ్యం అమ్మా. బాదం, కాజు చాక్లెట్లున్నయి గని అవి అమ్మే కాడ, అద్దాల బీర్వాల ఉంటయి. మీ పాపను నేను చూస్కుంట," అంది పద్మ. హర్షిత వైపు తిరిగి, "ఏం బిడ్డా, మీ పెద్దమ్మ పోలీసా?" అంది.

"పోలీసు కన్నా ఎక్కువ," అంది హర్షిత.

మొదటి గదిలో కోకో కాయలు ఉన్నాయి. బొప్పాయి పిందెలా, గట్లు గట్లుగా ఉంటాయి. గోదావరి జిల్లాల్లో కొబ్బరిచెట్ల నీడలో పండించినవని చెప్పింది. కోసి చూపిస్తే లోపల తెల్లటి గుజ్జులో గింజలు. వాటిని కుప్ప పోసి పులియబెడితేనే చాక్లెట్ వాసనకు మొదలు పడుతుందట. అదేదో మన దోసెల పిండి లెక్కే అనిపించింది. రెండో గదిలో పాతకాలపు బొమ్మలు. సముద్రాల అవతల అమెరికా ఖండంలో మొదట దీన్ని తినేవాళ్లు కాదట, నీళ్లలో కలిపి, మిరపకాయ వేసి, నురగ వచ్చేలా ఎత్తి పోసి చేదుగా తాగేవాళ్లట. ఈ గింజలనే డబ్బులకు బదులుగా వాడేవాళ్లట కూడా. చక్కెర కలపడం తర్వాతి సంగతి. గింజలోంచి వెన్నను పిండే యంత్రం వచ్చాకే ఇప్పటి గట్టి బిళ్ల వచ్చిందట. హర్షిత ప్రతి బొమ్మ ముందూ ఆగి చదివింది. నేను ఆ పిల్ల చేతులను చూస్తూ నడిచాను. బోర్డుల మీద రాసిన దాంట్లో నేను చదివింది సగం కూడా ఉండదు.

మూడో గదే ఈ మ్యూజియంలో పిల్లలకు నచ్చేది. నేల మీద నల్లటి పలక రాయి, కింద నిప్పులు, పైన అప్పడాల కర్ర లాంటి రాతి రోలరు. రాయి వెచ్చగా ఉంటే వేయించిన గింజలు కరిగి ముద్ద అవుతాయి. వెనకటి రోజుల్లో ఇలాగే చేసేవాళ్లని చెప్పి పద్మ పక్కనున్న స్టీలు గిన్నెలో వేళ్లు ముంచి రాయి మీద ఒకసారి చేత్తో రాసింది. "ముద్ద అంటుకోకుంట," అంది. నేను తల ఊపాను. పట్టీ పోసే ముందు, బర్ఫీ పోసే ముందు నేనూ పళ్లానికి అలాగే రాస్తాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్న పని కాబట్టి నా కన్ను దాని మీద ఆగలేదు. పక్కింట్లో నూనె క్యాను పెట్టి వచ్చిన మనిషిని, అక్కడ ఉన్నది నూనె అని కూడా అనుకోలేదు.

హర్షిత మోకాళ్ల మీద కూర్చుని పావుగంట నూరింది. ముక్కు మీద చెమట. గింజల పలుకులు మెల్లగా నల్లటి జారుడు ముద్ద అయ్యాయి. పద్మ అందులో బెల్లం పొడి చల్లింది. వాసన గదంతా నిండింది. హర్షిత వేలికి అంటిన ముద్దను చూసి, నన్ను చూసింది.

"పెద్దమ్మా, నేనే చేసిన గద. జర నాకనా?"

మనసులో లెక్క చూసుకున్నాను. గింజలు నా కళ్ల ముందే వేయించారు. బెల్లం నేను వాసన చూశాను. రాయి ఉత్త రాయి. "కొంచెమే," అన్నాను.

నాలుగో గదిలో అచ్చులు చూస్తుండగా హర్షిత మెడ గోక్కుంది. ఆ తర్వాత చిన్నగా దగ్గింది. దగ్గర కూర్చోబెట్టుకుని చూస్తే చెవి కింద ఎర్రగా దద్దుర్లు, కింది పెదవి ఒక పక్కకు ఉబ్బింది. "గొంతుల గీకినట్టు అయితుంది పెద్దమ్మా," అంది. సిరప్ తీసి తాగిస్తూ అరిచాను.

"పద్మా! రాయికి రాసింది ఏం నూనె?"

"ఇంటి నూనెనే అమ్మా. మా ఊరి గానుగది. పల్లీ..."

ఆమె మాట అక్కడే ఆగి, చేయి నోటి మీదికి పోయింది. నేను అప్పటికే పిల్లను ఎత్తుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్లను ఎత్తి ఎన్నేళ్లయిందో, బరువే తెలియలేదు.

ఖాజా భాయ్ నా మొహం చూడగానే ఆటో స్టార్ట్ చేశాడు. హైవే ఎక్కగానే ముందు చెరకు లారీల వరస కనపడింది, ఒక్కటీ కదలడం లేదు. ఆటోను అక్కడికక్కడే తిప్పి మట్టి తోవలో దింపాడు. చెరకు ఆకులు ఆటోకు గీసుకుంటున్నాయి. గుంతల్లో ఎగిరిపడుతుంటే హర్షితను నిటారుగా పట్టుకుని కూర్చున్నాను. ఊపిరి తీసుకున్నప్పుడల్లా సన్నగా ఈల లాంటి చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు వినపడుతున్నంత సేపూ భయం, ఒక్క క్షణం వినపడకపోతే అంతకన్నా భయం.

"అమ్మకు చెప్తవా?" అంది హర్షిత.

"చెప్తా. నువ్వు మాట్లాడకు. ఊపిరి దీస్కో."

"యా అల్లా, యా అల్లా" అంటూ ఖాజా భాయ్ హారన్ మీది చేయి తీయలేదు.

దవాఖానలో మంచం మీద పడుకోబెట్టగానే డాక్టరు తొడకు సూది మందు వేశాడు. ఆక్సిజన్ పెట్టారు. నేను గోడకు ఆనుకుని ఆ పిల్ల ఛాతీనే చూస్తూ నిలబడ్డాను. ఎంత సేపో నాకు తెలియదు. ఈల చప్పుడు సన్నబడింది, తర్వాత ఆగింది, ఊపిరి మామూలుగా ఆడింది. "ఇంకా సెలైన్, మందులు కావాలె, బయట తెచ్చుకోన్రి," అని నర్సు చీటీ ఇచ్చినప్పుడు చూసుకుంటే నా చేతిలో పర్సు లేదు. మ్యూజియంలో వదిలేసి వచ్చాను. ఖాజా భాయ్ నా చేతిలోంచి చీటీ లాక్కుని, తన డబ్బులతోనే తేవడానికి మెడికల్ షాపుకు పరిగెత్తాడు.

తర్వాత నడుముకు దోపుకున్న ఫోన్ తీసి లావణ్యకు చేశాను. ఆ రోజు మొత్తంలో నాకు అన్నిటికన్నా భయమైన పని అదే. జరిగింది వరసగా చెప్పాను.

"ఎవరు తినిపించిన్రు?" అంది.

"నేనే నాకమన్న."

తిడుతుందని, ఏడుస్తుందని, రెండింటికీ సిద్ధంగా ఉన్నాను. "బయలుదేరుతున్న," అంది. "ఫోన్ పెట్టెయ్యకక్కా. దాని పక్కన పెట్టు. ఊపిరి వినవడనియ్యి." దిండు మీద ఫోన్ పెట్టాను. లావణ్య బస్సు ఎక్కి, జహీరాబాద్‌లో దిగేదాకా అది అక్కడే ఉంది. మధ్యలో నర్సు ఛార్జర్ తెచ్చి పెట్టింది.

మధ్యాహ్నం పద్మ నా పర్సు తీసుకుని వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నూనె గిన్నె తీసేశామని, ఆ రాయి ఇక పిల్లలకు ఇవ్వమని, గేటు దగ్గర ఈ సంగతి రాసి పెడుతున్నామని చెప్పింది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఆమె రాయికి రాస్తుంటే తల ఊపింది నేను. హర్షిత మాత్రం మాస్కు పక్కకు జరిపి, "ఆంటీ, చాక్లెట్ అయితే మంచిగుండె," అంది. పద్మ నవ్వబోయి ఏడ్చింది.

ఒకసారి తగ్గాక కూడా మళ్లీ రావచ్చని ఆదివారం పొద్దుటిదాకా ఉంచుకున్నారు. మళ్లీ రాలేదు. లావణ్య నన్ను ఒక్క మాట అనలేదు. వెళ్లేటప్పుడు, "వచ్చే సెలవులకు మళ్ల పంపుతా, నువ్వు వద్దనకు," అంది. నేను సరే అన్నాను గానీ ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే భయమే. ఇన్నాళ్లూ భయపడితే జాగ్రత్తగా ఉన్నట్టే అనుకునేదాన్ని. ఆ రోజు నేను కొత్తగా కనపడిన ప్రతిదానికీ భయపడ్డాను, తెలిసిన పనికి భయపడలేదు. మ్యూజియం చూడదగ్గదే. పిల్లలు రెండు గంటలు కదలకుండా చూస్తారు. వెళ్లవద్దని నేను చెప్పను.

వెళ్లేవాళ్లకు ఒక్కటే మాట. మీతో వచ్చేవారికి ఏదైనా తిండి పడకపోతే, అందులో అది వేశారా అని అడిగి ఊరుకోకండి. గిన్నెకు, పళ్లానికి, రాయికి, వడ్డించే చేతికి ఏం రాశారో కూడా అడగండి.

ఆదివారం పదకొండింటికి ఖాజా భాయ్ ఇంటికి వెళ్లి మందుల బిల్లు పదమూడు వందల నలభై చేతిలో పెట్టాను. "వడ్డీ ఎంత?" అన్నాను. "ఆటో అంత చెరుకాకు గీతలే అక్కా, వడ్డీ కింద ఒక చాయ్ పొయ్యిన్రి," అన్నాడు. మా ఇంటికి పిలిచి పోశాను. ఖాజా భాయ్ బాకీ తీరింది.