ఖాదర్ బాషా ఆడిన ఆఖరి ఆట

మా ఇంటి పక్క బడిలో సాయంత్రం పిల్లలు ఆడే ముందు మైదానం మీద నీళ్లు చల్లుతారు. తడిసిన వేడి మట్టి వాసన కిటికీలోంచి రాగానే నాకు ఖాదర్ బాషా గుర్తొస్తాడు. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ మూడేళ్లూ మా ఊరి బాస్కెట్‌బాల్ జట్టుకు ప్రాణం ఆయనే. సొంతూరు ఆత్మకూరు. డేరాల్లో నడిచే ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. మైదానం మధ్య నుంచి రెండు చేతులతో బంతి విసిరితే, అది రింగును తాకకుండా దిగిపోయేది. కొత్తగా బడిపంతులు ఉద్యోగంలో చేరిన నేను ఆయన పక్కన ఆడేవాణ్ణి. ఆడేవాణ్ణి అనడం కూడా ఎక్కువే. బంతి దొరికితే ఆయనకందించడమే మా నలుగురి పని. గెలుస్తున్నాం కాబట్టి అది లోపమని మాకు తోచలేదు. ఆయనకూ తోచలేదు.

రాజధాని హైదరాబాదుకు మారుతుందని తేలాక, వెళ్లేవాళ్ల జాబితాలో ఆయన పేరూ వచ్చింది. చివరి ఆట కడప జట్టుతో, మా ఊళ్లోనే. ఆ రోజు బాషా ఎన్నడూ లేనట్టు ఆడాడు. బంతి చేతికొస్తే చాలు, మాలో ఎవరికో ఒకరికి ఇచ్చేస్తున్నాడు. "నువ్వెయ్యన్నా!" అని అరిచాను. "నువ్వే ఎయ్యప్పా, నీకు చేతుల్లేవా?" అన్నాడు. వేశాం. కొన్ని పడ్డాయి, చాలా పోయాయి. చివరి నిమిషంలో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి ఆయన చేతిలో ఉంది, ఎదురుగా రింగు ఉంది. అయినా నాకే విసిరాడు. గురి చూసి వేశాను. బంతి రింగు అంచుకు తగిలి బయటపడింది.

జనం ఆయన మీద విరుచుకుపడ్డారు. "పోయేటోనికి మనూరంటే ఏం లెక్క? కడపోళ్లకు అమ్ముడుబోయినాడు!" అని ఎవరో కేకేశారు. బాషా తల వంచుకుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నేను పక్కనే ఉండి ఒక్క మాటా అనలేదు.

ఆ రాత్రే ఆయన్ను రైలెక్కించడానికి నేనొక్కణ్ణే వెళ్లాను. "ఎందుకట్ల చేస్తివన్నా?" అని అడిగాను.

"మూడేండ్లు మీ ఆట గూడా నేనే ఆడితి సుబ్బయ్యా. అది నా తప్పే. ఈ పొద్దు ఓడితే తిట్లు తినేకి నేనుండా. రేపు మీ అంతట మీరు ఎయ్యల్ల గదా!"

"ఆ మాటే జనానికి చెప్పొచ్చు గదన్నా?"

"చెప్తే, నువ్వు పోగొట్టింది గూడా చెప్పల్ల గదప్పా" అని నవ్వి రైలెక్కాడు.

మరుసటేడు కడప వెళ్లి మళ్లీ ఓడాం. ఆ తర్వాతి సంవత్సరం గెలిచాం. ఐదుగురం తలా కొన్ని పాయింట్లు తెచ్చాం. నిజం చెప్పాలంటే ఒక్క ఆటతో జట్టు తయారు కాదు. ఆ బుద్ధి ఆయనకు మూడేళ్ల ముందే పుట్టి ఉంటే మాకు ఇంకా మేలు జరిగేది. కానీ పేరు చెడినా పరవాలేదనుకుని బంతి వదిలిపెట్టిన ఆటగాణ్ణి నేను మళ్లీ చూడలేదు. ఆయన హైదరాబాదులోనే పోయాడని ఆలస్యంగా తెలిసింది.

ఇప్పటికీ పాతవాళ్లం కలిసిన చోట, ఆ రోజు బాషా ఆట అమ్మేశాడని ఎవరో ఒకరు అంటారు. "ఆ బంతి పోగొట్టింది నేనప్పా" అంటాను. ఆ మాట ఆ సాయంత్రమే అని ఉంటే ఆయన విని ఉండేవాడు.