ఓబులేసు పెట్టుబడి

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఓబులేసు రోజూ టీ అంగడి బెంచీ మీద కాలు మడిచి కూర్చుని, టీ చల్లారేదాకా చైనాను పొగుడుతాడు. "మా నాయన కాలంలో వాళ్లూ మనమూ ఒకటే అబ్బా. వాళ్లు నూరు సంపాదిస్తే నలభై మిషన్లకూ రోడ్లకూ పెట్టినారు. మనం ముప్పై పెట్టేదానికే కిందామీదా పడతాండాం." అతని ఇంట్లో మాత్రం ఒకటే మగ్గం. నేత బాగా వచ్చిన భార్య సుకన్య ఏళ్లుగా అతని మగ్గానికి పట్టుదారం కండెలకు చుట్టి ఇస్తోంది. నిన్న ఆమె చేతి గాజులు తీసి అతని ముందు పెట్టింది.

"ఇవి అమ్మి నాకూ ఒక మగ్గం వేయించప్పా."

"చీరల ధర పడిపోతే?"

"చైనావోళ్లు నీ మాదిరే భయపడినారా?"

ఓబులేసు నవ్వలేక నవ్వాడు. ఈ పొద్దు అతను టీకి పోలేదు. మంచం బయట వేసి, ఆ చోట గడ్డపారతో రెండో మగ్గానికి, నేసేవాళ్లు కాళ్లు దించి కూర్చునే గుంట తవ్వుతున్నాడు. మధ్యమధ్య సుకన్యను అంచున కూర్చోబెట్టి, ఆమె కాళ్లు ఎంతవరకు దిగుతాయో చూసి, ఇంకొంచెం లోతు చేస్తున్నాడు.